దక్షిణాయనపు నూగు: తాత్పర్యం, ప్రతిపదార్థం

కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఎండ వాలే వేళకి దువ్వాడ వైపు నుంచి ఓ మేకల మంద రోడ్డు వారన నడిచొస్తుంది. లారీలు, షిఫ్టు బస్సులు, ఆటోలు, వీటన్నిటి మధ్యా మందని చెదరనివ్వకుండా తోలుకొచ్చే పెద్దాయన్ని మాఘమాసంలో ఒకరోజు ఆపి అడిగాను. "మావా, చలి పోయాక ఈటి బొచ్చు రాల్తాదా?" ఆయన ఒక మేక వీపుని తోక వైపు నుంచి ఎదురు నిమిరి, వేళ్లకంటిన నాలుగు వెంట్రుకలు చూపించాడు. "ఇంతే బాబూ. రాలడానికి మన మేకకి ఉన్నెక్కడిది?"

చాలావరకు నిజమే చెప్పాడు. మన మేకకీ ముతక వెంట్రుకల అడుగున కాస్త నూగు ఉంటుంది గానీ, దువ్వి దారం వడికేటంత ఉండదు. అదే లడఖ్‌లో, సముద్రమట్టానికి 4,000 మీటర్ల పైన, చాంగ్‌థాంగ్ పీఠభూమి మీద మేసే మేకని తీసుకోండి. పైన పొడుగాటి ముతక వెంట్రుక, దాని అడుగున 12 నుంచి 15 మైక్రాన్ల మందాన నూగు. మన తలవెంట్రుక మందంలో అది అయిదో వంతు. ఆ నూగే పశ్మీనా. ఏడాది పొడుగునా పెరగదది. జూన్ 21 దాటి పొద్దు తగ్గడం మొదలయ్యాక చర్మంలో మొలకెత్తుతుంది. డిసెంబరు 21 దగ్గరికొచ్చేసరికి ఎదుగుదల ఆగుతుంది. వసంతంలో వదులై దానంతటదే ఊడొస్తుంది. ఆ ఊడే రోజుల్లోనే చాంగ్‌పా పశుపాలకులు మేకల్ని దువ్వి దాన్ని తీసుకుంటారు. మన మాటల్లో చెప్పాలంటే నూగు దక్షిణాయనపు పంట. పంచాంగం దక్షిణాయనాన్ని జులై నడుమ నుంచి లెక్కగడుతుంది. మేక చర్మం మాత్రం సూర్యుడు ఆకాశంలో నిజంగా మళ్లిన రోజునుంచే లెక్కగడుతుంది.

ఈ లెక్క మేక ఒంట్లో ఎక్కడ జరుగుతుంది? దీనికి జవాబుగా రెండు సాహిత్యాలు పెరిగాయి. ఒకటి వెలుగునీ హార్మోన్లనీ నమ్ముకున్నది. రెండోది వయసులో చిన్నది, రోమకూపంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలని నమ్ముకున్నది. కొన్నేళ్లుగా రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. చదివినకొద్దీ మన బళ్లలో పద్యం చెప్పే పద్ధతే గుర్తుకొస్తోంది. తాత్పర్యం చెప్పేసి ప్రతిపదార్థం దాటవేస్తే పిల్లవాడికి పద్యం అందదు. ప్రతిపదార్థం ఏకరువు పెట్టి తాత్పర్యం చెప్పకపోయినా అంతే. వెలుగు పక్షం తాత్పర్యం చెప్పి ఆగింది. ఆర్‌ఎన్‌ఏ పక్షం ప్రతిపదార్థం దగ్గర ఉంది. రెంటికీ నడుమ అన్వయం ఇంకా పూర్తిగా కుదరలేదు. నా అభ్యంతరమల్లా, అది కుదిరిపోయినట్టు రాసే రాతల మీద.

ముందు వెలుగు పక్షం. కంట్లో పడ్డ వెలుతురు కబురు మెదడులోని గడియారానికి చేరుతుంది. అక్కణ్నుంచి పీనియల్ గ్రంథికి వెళ్తుంది. ఆ గ్రంథి చీకట్లోనే మెలటోనిన్ వదులుతుంది కాబట్టి, రాత్రి ఎంత పొడుగైతే రక్తంలో మెలటోనిన్ అంతసేపు ఉంటుంది. పిట్యూటరీ గ్రంథి ఆ నిడివిని గుర్తుపట్టి ప్రొలాక్టిన్ అనే మరో హార్మోన్‌ని హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. పొద్దు పొడుగయ్యే వసంతంలో ప్రొలాక్టిన్ పెరుగుతుంది, పాత నూగు రాలుతుంది. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటాం కదా, ఆ పోవడాన్ని మేక చర్మం చలిని బట్టి కన్నా పొద్దుని బట్టే ఎక్కువగా తెలుసుకుంటుందన్నమాట.

ఈ కథకి మూలపదార్థమైన మెలటోనిన్‌ని 1958లో ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేసిన ఆరన్ లెర్నర్ అమెరికాలో చర్మవైద్యుడు. చర్మపు రంగు మీద పనిచేసే పదార్థం కోసం వెతుకుతూ దీన్ని పట్టుకున్నాడు. మెలటోనిన్ అంటే నిద్ర మాత్ర అని మాత్రమే తెలిసిన ఈ రోజుల్లో, అది చర్మం గురించిన వెతుకులాటలో దొరికిందని తలుచుకోవడం నాకు ఇష్టం.

ఈ పక్షానికి గట్టి ఆధారం ఏమిటంటే, చేతల్లో నిరూపణ అవుతుంది. ఇన్నర్ మంగోలియాలో వేసవిలోనే మేకల్ని రోజులో ఎక్కువసేపు చీకటి కొట్టాల్లో ఉంచి, వాటికి పగటిని కృత్రిమంగా కుదించి, నూగు ముందే మొలిచేలా చేస్తున్నారు. చర్మం కింద మెలటోనిన్ గుళిక నాటినా నూగు వేళ తప్పి మొలుస్తుంది. ప్రొలాక్టిన్‌ని మందుతో అణిచితే రాలడం ఆలస్యమవుతుంది. కారణాన్ని కదిపి చూశారు, ఫలితం కదిలింది. విజ్ఞానంలో ఇంతకన్నా నిజాయితీ అయిన వాదన మరొకటి ఉండదు.

మన ఊరికి ఈ లెక్క వేసి చూద్దాం. విశాఖ ఉన్నది 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. కూర్మన్నపాలెంలో జూన్ నెలలో అన్నిటికన్నా పొడుగు పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరులో అన్నిటికన్నా పొట్టి పగలు సుమారు 11 గంటల 5 నిమిషాలు. తేడా రెండు గంటల పైచిలుకు. చాంగ్‌థాంగ్‌లో ఆ తేడా నాలుగున్నర గంటలకు దగ్గర. మన మేకకి అందే రుతువు కబురు సన్నది, అక్కడి మేకకి అందేది బిగ్గరది. పైగా జంక్షన్ దగ్గర పెద్ద స్తంభాల దీపాలు తెల్లవార్లూ వెలుగుతుంటాయి. వాటి కింద పడుకునే జీవాలకి చీకటి ఎన్ని గంటలు మిగులుతోందో ఎవరైనా కొలిస్తే బాగుణ్ణు.

ఇంత బలమున్న వాదన ఒక చోట మాత్రం తేలిపోతుంది. మేక చర్మంలో ముతక వెంట్రుకని పుట్టించే రోమకూపాలు వేరు, నూగుని పుట్టించేవి వేరు. మొదటివి ప్రాథమికం, పెద్దవి, లోతైనవి. రెండోవి ద్వితీయం, చిన్నవి, మొదటివాటి చుట్టూ గుంపుగా ఉంటాయి. రెంటి మధ్య దూరం మిల్లీమీటరు కూడా ఉండదు. రెంటినీ తడిపేది ఒకే రక్తం, అందులోని మెలటోనిన్ ఒకటే, ప్రొలాక్టిన్ ఒకటే. అయినా నూగు దక్షిణాయనాన్ని అంత కచ్చితంగా పాటిస్తుంటే, పక్కనున్న ముతక వెంట్రుక తన లెక్కన తాను పెరుగుతుంది. ఒకే ఉత్తర్వు విన్న ఇద్దరు వేర్వేరు పనులు చేస్తుంటే, తేడా ఉత్తర్వులో లేదు, విన్నవాళ్లలో ఉంది. మేక జన్యుపటం మొదటిసారి 2013లో వెలువడినప్పుడు, ఆ పరిశోధకులే నూగునిచ్చే ఒక రకం మేక చర్మంలోని ఈ రెండు రకాల రోమకూపాలని పోల్చి, 51 జన్యువులు రెంటిలోనూ వేర్వేరు స్థాయిల్లో పనిచేస్తున్నాయని చూపారు. జన్యుపటం యున్నాన్ నల్లమేకది. నూగు ప్రశ్న కోసం వేరే మేకని తెచ్చుకోవలసి వచ్చింది.

ఇక్కడే రెండో పక్షానికి తలుపు తెరుచుకుంటుంది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ కథ మొదలైంది మేక దగ్గర కాదు, ఒక మిల్లీమీటరు పొడుగుండే పురుగు దగ్గర. 1993లో విక్టర్ ఆంబ్రోస్, ఆయనతో పనిచేసిన రోసలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్ ఒక జన్యువుని వెతుకుతూ వెళ్లి, ప్రోటీన్ చెయ్యని, 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్కని పట్టుకున్నారు. దానికి లిన్-4 అని పేరు. అది మరో జన్యువు సందేశం చివరి భాగానికి అతుక్కుని దాని నోరు నొక్కుతుందని అదే సమయంలో గ్యారీ రవ్‌కున్ చూపాడు. ఏడేళ్లపాటు ఇది ఆ పురుగుకే పరిమితమైన వింత అనుకున్నారు. 2000లో రవ్‌కున్ బృందం లెట్-7 అనే మరొకదాన్ని కనుక్కుని, అది మనిషి దాకా ఎన్నో జీవుల్లో ఉందని చూపాక గాని లోకం కదల్లేదు. 2024 వైద్య నోబెల్ ఆ ఇద్దరికీ వచ్చింది.

పని జరిగే తీరు ఇది. జన్యువు నుంచి ప్రోటీన్ తయారీకి వెళ్లే సందేశాన్ని ఒక చీటీ అనుకుందాం. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆర్గోనాట్ అనే ప్రోటీన్ ఒళ్లో కూర్చుని, తనలోని రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా ఉన్న వరసకి జోడీ కుదిరే చీటీల కోసం చూస్తుంది. కుదిరిన చీటీ త్వరగా చిరిగిపోతుంది, లేదా చదవడానికి వీల్లేకుండా పోతుంది. ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏకి ఇలాంటి చీటీలు వందల్లో ఉండొచ్చు. ఒక్కోదాని మీద దాని ప్రభావం మాత్రం సాధారణంగా కొద్దిపాటిదే. అది మీటలా ఆర్పేయదు, వెలిగించదు. పొయ్యి మీద మంటని కాస్త తగ్గించే చెయ్యిలాంటిది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు అవసరమవుతుంది.

చర్మానికి వీటితో పని ఉందని ఎలుకల్లో రూఢి అయింది. 2006లో ఎలుక చర్మంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలని కత్తిరించి తయారుచేసే డైసర్ ఎంజైమ్‌ని తీసేస్తే, లోపలికి దిగాల్సిన రోమకూపాలు దారి తప్పి పైకి పొడుచుకొచ్చాయి. 2008లో మిఆర్-203 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ చర్మపు మూలకణాలని పెరుగుదల నుంచి మళ్లించి పరిపక్వం చేస్తుందని ఇలేన్ ఫుక్స్ ప్రయోగశాల చూపింది. 2010లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ పరిశోధకులు మిఆర్-31 వెంట్రుక ఎదిగే దశలో బాగా పెరుగుతుందనీ, దాన్ని అడ్డుకుంటే ఎదుగుదల దశ తొందరపడుతుందనీ, వెంట్రుక నిర్మాణమే మారుతుందనీ చూపారు. 2014లో మిఆర్-214 వచ్చింది. రోమకూపాన్ని మేల్కొలిపే డబ్ల్యుఎన్‌టి మార్గంలోని బీటా-కాటెనిన్ చీటీకే అది అడ్డుపడుతుంది. ఇవన్నీ గట్టి పనులు. ఒకదాన్ని కదిపారు, ఏం జరిగిందో చూశారు.

మేకల దగ్గరికి వచ్చేసరికి పద్ధతి పలచబడింది. 2007లో ఇన్నర్ మంగోలియా పరిశోధకులు మేక, గొర్రె చర్మాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏల జాబితా వేశారు. అది మార్గదర్శకమైన పని, దాని హద్దులు దానికి తెలుసు. ఆ తర్వాత వరస చదివే యంత్రాలు చవకై, అధ్యయనాలు వెల్లువెత్తాయి. చాలావాటి నడక ఒకటే. నూగు ఎదిగే దశలో కొన్ని మేకల చర్మం కాస్త తీస్తారు, విశ్రాంతి దశలో ఇంకాస్త తీస్తారు. రెంటిలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలని లెక్కబెడతారు. హెచ్చుతగ్గులున్నవాటిని వేరుచేస్తారు. అవి ఏ చీటీలకి అతకవచ్చో కంప్యూటర్‌ని అడుగుతారు. ఒకటి రెంటిని గాజుపాత్రలోని కణాల్లో పరీక్షిస్తారు. చివర్లో, ఇది నూగు ఎదుగుదలలో కీలక పాత్ర పోషించవచ్చు అని రాస్తారు.

ఆ 'కీలక పాత్ర' అన్న మాట దగ్గరే నేను ఆగిపోతాను. మంటని కాస్త తగ్గించే చెయ్యికి కీలకం అనే విశేషణం ఎలా కుదిరింది? పైగా, రోమకూపం విశ్రాంతిలోకి వెళ్లేటప్పుడు దాని కింది సగం కణాలు చచ్చిపోతాయి. కణాలే పోయాక వాటిలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏ లెక్కలో తగ్గడం సహజం కదా. తగ్గింది కాబట్టి రోమకూపం నిద్రపోయిందా, నిద్రపోయింది కాబట్టి తగ్గిందా? చర్మం ముక్కలో రోమకూపాలతో పాటు కొవ్వు, రక్తనాళాలు, రెండు రకాల వెంట్రుకల మూలాలూ కలిసే ఉంటాయి. అన్నీ కలిపి నూరి తీసిన లెక్క ఎవరిదని చెప్పాలి? ప్రాథమిక, ద్వితీయ రోమకూపాల తేడాని వివరించడమే ఈ పక్షం బలం. ఆ రెంటినీ విడదీయకుండా నూరేస్తే, ఆ బలాన్ని చేజేతులా వదులుకున్నట్టే.

ఇంకో లోపం ఇంతకన్నా లోతైనది. మేక పరిశోధకులు తమ జాబితాలకి అర్థం వెతుక్కోవడానికి ఎలుక దగ్గరికి వెళ్తారు. కానీ ప్రయోగశాల ఎలుక వెంట్రుకలకి రుతువు పట్టదు. దాని మొదటి రెండు వెంట్రుక చక్రాలు వయసుని బట్టి నడుస్తాయి. పుట్టిన మూడు వారాలకి రోమకూపాలు ఒకసారి విశ్రమిస్తాయి, ఏడో వారం దాటాక మరోసారి, ఇంకా ఎక్కువ కాలం. బయట ఉత్తరాయణమైనా దక్షిణాయనమైనా దానికొకటే. కాబట్టి రోమకూపం ఎలా మేల్కొని ఎలా నిద్రపోతుందో ఎలుక చెప్పగలదు. జూన్‌లోనే ఎందుకు మేల్కొంటుందో చెప్పలేదు. నూగు పద్యంలో ముఖ్యమైన పదం రుతువు. నిఘంటువుగా వాడుతున్న ఎలుకలో ఆ పదమే లేదు.

రెంటినీ ఇప్పుడు ఎదురెదురుగా నిలబెడితే, ఒకరి లోటు మరొకరి దగ్గర ఉన్నట్టు కనిపిస్తుంది. వెలుగు పక్షం దగ్గర 'ఎప్పుడు' ఉంది. ఆర్‌ఎన్‌ఏ పక్షం దగ్గర 'ఎలా'కి సంబంధించిన ముక్కలు ఉన్నాయి. అలాగని రెంటినీ అతికించేస్తే సరిపోతుందని నేను అనను. రక్తంలోని మెలటోనిన్ నుంచి రోమకూపంలోని ఫలానా మైక్రో ఆర్‌ఎన్‌ఏ దాకా దారి గీయాలి. ఆ దారిలో ప్రతి మజిలీ చూపాలి. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. పైనుంచి ఇన్ని టన్నులు కావాలని మాట వస్తే, కింద కొలిమి వేడి మారేదాకా ఎన్ని చేతులు మారుతుందో ఈ ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. మేక విషయంలో మధ్య చేతులు ఇంకా చాలావరకు చీకట్లో ఉన్నాయి.

ఈ రెండు వాదాల్నీ పరీక్షించడానికి లడఖ్ దాకా వెళ్లక్కర్లేదని నాకు అనిపిస్తుంది. మన నేల మీదే ఒక జంట ఉంది, మేకలు కాదుగానీ గొర్రెలు. నెల్లూరు గొర్రె పొడుగు కాళ్లది, మాంసానికి పేరుపడ్డది, ఒంటి మీద ఉన్ని లేదు, పొట్టి వెంట్రుకే. తెలంగాణలో కురుమలు మేపే దక్కనీ గొర్రె నల్లది, దాని ఒంటినిండా ముతక ఉన్ని. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఆడవాళ్లు వడుకుతారు, మగ్గం మీద నేస్తారు, చింతగింజల గంజి పెడతారు. అదే గొంగడి. వానలో కప్పుకుంటే తడవనివ్వదు, చలిలో పరుచుకుంటే నేల చెమ్మ తగలనివ్వదు. నెల్లూరుకీ మహబూబ్‌నగర్‌కీ అక్షాంశంలో తేడా రెండు డిగ్రీల చిల్లర. పగటి నిడివిలో తేడా నిమిషాల్లోనే. దాదాపు ఒకే పొద్దు చూసిన రెండు గొర్రెల్లో ఒకదానికి ఉన్ని, ఒకదానికి వెంట్రుక. వెలుగు వాదం ఇక్కడ నోరు విప్పలేదు. ఉన్ని ఎప్పుడు పెరగాలో వెలుగు చెప్పగలదేమో గానీ, అసలు ఉండాలో వద్దో చెప్పలేదు.

ఆర్‌ఎన్‌ఏ వాదానికి మాత్రం ఇక్కడ చక్కటి ఆధారం ఒకటుంది. 2017లో ఫ్రాన్స్ పరిశోధకులు ఉన్ని గొర్రెలనీ, ఆదిమ లక్షణాలున్న వెంట్రుక గొర్రెలనీ పోల్చి, ఉన్ని గొర్రెల్లో ఐఆర్‌ఎఫ్2బిపి2 అనే జన్యువు చీటీ చివరి భాగంలో ఒక పరాయి ముక్క చొరబడి ఉందని చూపారు. ప్రోటీన్ తయారయ్యే భాగంలో మార్పు లేదు. మారింది చివర, మైక్రో ఆర్‌ఎన్‌ఏల వంటివి వచ్చి అతుక్కునే తోక భాగం. ఉన్నికీ వెంట్రుకకీ మధ్య ఇంత పెద్ద తేడా అలాంటి తోకలో దాగి ఉండొచ్చంటే, ప్రతిపదార్థం చెప్పేవారి మీద నాకు గౌరవం పెరిగింది. నెల్లూరు, దక్కనీ గొర్రెల్ని ఈ కోణంలో పక్కపక్కన పెట్టి చూడడం మన పశువైద్య కళాశాలలకి తగిన పని. ఆలస్యం చేస్తే పోల్చడానికి జంట మిగలదన్న భయం కూడా ఉంది. మాంసం గిరాకీ కోసం దక్కనీ మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లు వచ్చిచేరాయి. పుట్టే పిల్లల ఒంటి మీద ఉన్ని పలచబడుతోంది, గొంగడి నేసే మగ్గాలు తగ్గుతున్నాయి. జన్యువు పోయాక దాని పేరు తెలుసుకోవడం బాధాకరమైన చదువు.

ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏకి కీలక పాత్ర అనే మాట ఎప్పుడు చెల్లుతుందో చూడాలంటే మరో గొర్రె దగ్గరికి వెళ్లాలి. టెక్సెల్ అనే ఐరోపా జాతికి కండ అసాధారణంగా ఉంటుంది. ఎందుకో 2006లో బెల్జియంలోని లియేజ్ పరిశోధకులు తేల్చారు. కండని అదుపులో ఉంచే మయోస్టాటిన్ జన్యువు చీటీ చివర్లో ఒక్క అక్షరం మారింది. ఆ మార్పువల్ల మిఆర్-1, మిఆర్-206 అతుక్కోవడానికి అంతకుముందు లేని చోటు ఏర్పడింది. ఆ రెండూ కండరంలో పుష్కలంగా ఉంటాయి. అవి అతుక్కున్నాయి, మయోస్టాటిన్ తగ్గింది, కండ పెరిగింది. ఇందులో జాబితా లేదు, ఊహ లేదు. ఒక అక్షరం, ఒక చోటు, ఒక ఫలితం.

నూగు మేకల సాహిత్యాన్ని నేను ఈ గీటురాయి మీదే రుద్ది చూస్తున్నాను. చైనాలో 2015 నుంచి షాన్‌బెయ్ మేకల్లో ఎఫ్‌జిఎఫ్5 జన్యువుని క్రిస్పర్‌తో కత్తిరించి నూగు పొడుగు పెంచారు. వెంట్రుక ఎదుగుదలని ఆపమనే జన్యువది. బతికున్న మేకలో కారణాన్ని కదిపిన పని కాబట్టి దానికి నమస్కారం. కానీ అది జన్యువుని కత్తిరించడం, ఆ జన్యువు మీద రుతువు చెయ్యి ఎలా పడుతుందో చూపడం కాదు. నెలనెలా చర్మం తీసి ఏడాది పొడుగునా గమనించిన అధ్యయనాలు కూడా ఉన్నాయి. రెండు దశల్ని మాత్రమే తీసి పోల్చినవాటికన్నా వాటిని నేను ఎక్కువగా నమ్ముతాను. జూన్‌లో ముందు కదిలేదేది, దాని వెనక కదిలేదేది అన్న వరస వాటిలోనే కనిపిస్తుంది.

నేను ఎదురుచూసే కాగితం ఎలా ఉంటుందో చెప్పగలను. ఒకే మేక. దాని చర్మంలో పక్కపక్కన ఉన్న రెండు రోమకూపాలు, విడివిడిగా తీసి చూసినవి. ఒకటి మొలకెత్తిన జూన్ రోజున రెండోది ఎందుకు కదల్లేదో చెప్పే మైక్రో ఆర్‌ఎన్‌ఏ పేరు. అది అతుక్కునే చీటీ, ఆ చీటీ మీది ఏడెనిమిది అక్షరాల చోటు. ఆ చోటుని చెరిపేసి పుట్టించిన ఒక మేకపిల్ల, డిసెంబరు 21 దాటిపోయినా దాని ఒంటి మీద ఆగకుండా ఎదుగుతున్న నూగు.